మెల్కోర్, రూయిన్, డార్క్ వన్: ఎవరు బలవంతుడో తేల్చే పద్ధతి

మీరు అడిగింది ఇదీ: టోల్కీన్ కథల్లోని మెల్కోర్, శాండర్సన్ 'మిస్ట్‌బోర్న్'లోని రూయిన్, రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్'లోని డార్క్ వన్, ఈ ముగ్గురు దుష్ట దేవుళ్లలో ఎవరు బలవంతుడు? చర్చ మొదలవగానే ఒకరు టోల్కీన్ లోకపు సృష్టికర్త ఎరూ ఇలువతార్ పేరు తెచ్చి "ఆయన ముందు అందరూ సున్నా" అని ముగించేస్తున్నారు, ఇంకొకరు జూల్స్‌లో లెక్కలు కడుతున్నారు, దీనికంటూ ఒక పద్ధతి లేదా? ఉంది. ముగ్గురి మీదా నా తీర్పు చివర్లో చెప్తాను. ఆ తీర్పు ఏ షరతుల మీద నిలబడిందో ముందు చూడాలి, ఎందుకంటే ఒక్క షరతు మారిస్తే గెలిచేవాడే మారిపోతాడు. మిస్ట్‌బోర్న్ మొదటి మూడు పుస్తకాలు చదవనివాళ్లకు ఇందులో స్పాయిలర్లు ఉన్నాయి, చూసుకోండి.

ముందుగా ఎరూని లెక్కలోంచి తీసేయండి. కథలో పాత్రగా తిరిగే దేవుడు వేరు, కథకే పునాదిగా ఉన్న దేవుడు వేరు. ఎరూ రెండో రకం. నుమెనార్ ద్వీప రాజ్యం మునిగినప్పుడు, లోకాన్ని కాచే దేవతలైన వాలార్ తమ అధికారాన్ని కిందపెట్టి ఆయన్ని వేడుకుంటే, బల్లపరుపుగా ఉన్న లోకాన్ని గుండ్రంగా మార్చేశాడు. అలా నేరుగా చెయ్యి పెట్టిన సందర్భాలు చాలా అరుదు. వీల్ ఆఫ్ టైమ్‌లో సృష్టికర్త కూడా అంతే, డార్క్ వన్‌ని సృష్టి క్షణంలోనే బయట బంధించేసి ఆ తర్వాత పక్కకి తప్పుకున్నాడు. ఇలాంటి ఇద్దరిని ఎదురెదురుగా నిలబెడితే ప్రశ్నకే అర్థం ఉండదు. ఇద్దరూ తమ లోకంలోని సమస్తానికీ మూలం, ఆ లోకం దాటాక వాళ్ల గురించి పుస్తకంలో ఒక్క వాక్యం దొరకదు. "మా దేవుడి సర్వశక్తి మీ దేవుడి సర్వశక్తి కన్నా పెద్దది" అనే వాదన ఎంతసేపు సాగినా కొత్త సమాచారం ఒక్కటీ రాదు.

సర్వశక్తి అన్న మాట కనిపించగానే అది ఎవరి నోట వచ్చిందో చూడండి. కథకుడు చెప్పాడా, భక్తుడు చెప్పాడా, ఆ దేవుడే తన గురించి చెప్పుకున్నాడా? మార్వెల్ కామిక్స్‌లో బియాండర్‌ని 1984లో అంతులేని శక్తిగా పరిచయం చేశారు. 1988 నాటి ఫెంటాస్టిక్ ఫోర్ 319వ సంచికకి వచ్చేసరికి అతను పూర్తికాని ఒక కాస్మిక్ క్యూబ్‌లో (కోరుకున్నది నిజం చేసే వస్తువు) భాగమని తేల్చారు. రచయిత మారితే సర్వశక్తి కూడా రెట్‌కాన్ (పాత కథని తర్వాత మార్చి చెప్పడం) అవుతుంది. కాబట్టి బియాండర్ పేరు ఎత్తితే ఏ ఏడాది బియాండరో కూడా చెప్పాలి.

ఇక షరతులు. వీటిని లాంఛనంగా రాసి వదిలేస్తారు గానీ దేవుళ్ల విషయంలో సగం తీర్పు ఇక్కడే అయిపోతుంది. మామూలు యోధులకైతే దూరం ఎంత, ఆయుధాలేంటి, సిద్ధపడే సమయం ఉందా అని అడుగుతాం. దేవుళ్లకి నాలుగు ప్రశ్నలు చాలు. ఏ కాలంనాటి పాత్ర? ఏ రూపంలో ఉన్నాడు? ఎవరి లోకంలో, ఎవరి నియమాల కింద పోరాటం? గెలుపు అంటే చంపడమా, బంధించడమా, వెళ్లగొట్టడమా, లోబరుచుకోవడమా?

కాలం ఎంత ముఖ్యమో మెల్కోర్‌ని చూస్తే తెలుస్తుంది. పవర్ స్కేలింగ్‌లో, అంటే పాత్రల బలాల్ని పోల్చి తూచడంలో, ఇంతకన్నా మంచి పాఠం ఇంకో పాత్ర ఇవ్వదు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. ఎరూ మొదట చేసిన దివ్యజీవులైన ఐనూర్‌లో శక్తిలో, జ్ఞానంలో అందరికన్నా ఎక్కువ వరాలు పొందినవాడు అతను. మొదట్లో మిగతా వాలార్ నిర్మించిన కొండల్నీ లోయల్నీ ఒంటరిగా తలకిందులు చేసేవాడు, తుల్కాస్ అనే వాలా వచ్చేదాకా అతన్ని నిలువరించినవాళ్లు లేరు. అదే మెల్కోర్ తర్వాత ఉంగోలియాంట్ అనే సాలీడు రాక్షసి గూటిలో చిక్కి అరిస్తే బాల్‌రాగ్‌లు అనే అతని అగ్ని రాక్షసులు వచ్చి విడిపించాల్సి వచ్చింది. కారణం పుస్తకంలోనే ఉంది: ఆమె వెలుగు తాగి పెరిగింది, ఇతని నుంచి శక్తి బయటికి పోయి ఇతను తగ్గాడు. ఇంకా తర్వాత ఫింగోల్ఫిన్ అనే ఎల్ఫ్ రాజు కోట గుమ్మం ముందుకి వచ్చి సవాలు చేసి ఏడు గాయాలు చేశాడు, చనిపోతూ కాలి మీద ఇంకో వేటు వేశాడు. ఆ కుంటితనం మళ్లీ పోలేదు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, ఫింగోల్ఫిన్ గాయపరిచాడు కాబట్టి ఫింగోల్ఫిన్ కొండల్ని తలకిందులు చేసే స్థాయివాడని పైకి ఎక్కించడం. రెండోది, ఎల్ఫ్ చేతిలో గాయపడ్డాడు కాబట్టి మెల్కోర్ మొదటినుంచీ అంతేనని కిందికి దించడం. రెండూ తప్పే. మెల్కోర్ తన శక్తిని లోకంలోని పదార్థంలోకి, సేనల్లోకి, రాక్షసుల్లోకి పంచేశాడు. శరీరంలో మిగిలింది తక్కువ, పంచింది చాలా ఎక్కువ. 1993లో వచ్చిన 'మోర్గోత్స్ రింగ్' సంపుటంలోని రాతల్లో టోల్కీన్ దీన్ని సూటిగా చెప్పాడు: శిష్యుడు సౌరాన్ తన శక్తిలో చాలా భాగాన్ని ఒక ఉంగరంలో పోస్తే, మోర్గోత్‌కి (మెల్కోర్‌కి తర్వాత పడ్డ పేరు) మొత్తం మిడిల్ ఎర్తే ఉంగరం. రెండో యుగంలోని సౌరాన్, మొదటి యుగం చివర్లోని మోర్గోత్ కన్నా ఆచరణలో గొప్పవాడని కూడా అక్కడే ఉంది. పుట్టుకతో మోర్గోత్ ఎంతో పైవాడు, చేతిలో మిగిలిన బలంలో శిష్యుడు పైన. "ఎవరు గొప్ప" అనే ప్రశ్నకి ఒకే రచయిత ఒకే జంట మీద రెండు జవాబులు ఇస్తున్నాడు, రెండూ నిజమే.

సౌరాన్ విషయంలో ఇంకోటి. ఉంగరం ఉంటే అతన్ని ఎవరూ ఆపలేరని అనేవాళ్లు చాలామంది. ఉంగరం అతని దగ్గర ఉండగానే నుమెనార్ రాజు అర్-ఫరజోన్ సేనని చూసి లొంగిపోయాడు. వేలికి ఉండగానే ఎల్ఫ్ రాజు గిల్-గలాద్, మనుషుల రాజు ఎలెండిల్ చేతుల్లో ఓడిపోయాడు, వాళ్లిద్దరి ప్రాణం పోయిన మాట నిజమే. ఆ ఉంగరం బలం మనసుల మీద, ముఖ్యంగా మిగతా ఉంగరాల మీద అధికారం. దాన్ని విస్ఫోటనంగా మార్చి లెక్క కడితే మొదటి అడుగే తప్పటడుగు.

రూపం దగ్గర గాండాల్ఫ్ మంచి ఉదాహరణ. అతనూ మైయా (వాలార్ కన్నా కిందిస్థాయి దివ్యజీవి), మోరియా గనుల్లో అతనితో పోరాడిన బాల్‌రాగూ మైయా, ఇద్దరూ చచ్చారు కాబట్టి సమానం అంటారు. గాండాల్ఫ్ ముసలి మనిషి శరీరంలో వచ్చాడు, సౌరాన్ శక్తికి శక్తితో బదులివ్వకూడదనే ఆంక్షతో వచ్చాడు. ఆ పోరాటం చెప్పేది ఆంక్షలో ఉన్న మైయా గురించి మాత్రమే. ఆటల్లో, ఆటల నుంచి పుట్టిన నవలల్లో దేవుడి అవతారానికీ అసలు దేవుడికీ తేడా మరీ ఎక్కువ. అవతారం చచ్చింది అంటే దేవుడు చచ్చాడని కాదు, ఆ కథలో ప్రత్యేకంగా అలా చెప్తే తప్ప.

ఆటల మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట: డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో దేవుళ్లకి హిట్ పాయింట్లు ఇచ్చారు కదా, అవి వాడొచ్చా అని తరచూ అడుగుతారు. 1976లో వచ్చిన దేవతల సప్లిమెంట్ ముందుమాటలోనే ఉద్దేశం రాశారు. ఆటగాళ్లు 40 దాటిన లెవెళ్లతో తిరగడం ఎంత హాస్యాస్పదమో చూపించడానికే, ఓడిన్‌కే 300 హిట్ పాయింట్లు ఉంటే మీ 44వ లెవెల్ ప్రభువుని ఎవరు పట్టించుకుంటారు అని. ఆ 300 ఆటగాళ్లని అదుపులో పెట్టడానికి రాసిన అంకె. దాన్ని ఇంకో లోకపు దేవుడితో పోల్చడానికి వాడితే ఏమీ తేలదు. డ్రాగన్ బాల్‌లో ఫ్రీజా మొదటి రూపానికి చెప్పిన 5,30,000 కూడా అంతే, ఆ కథలోపల భయం పుట్టించడానికి పనికొచ్చింది, బయటికి తెస్తే దానికి యూనిట్ లేదు.

మూడో షరతు, ఎవరి లోకం. టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలల్లో దేవుడి బలం నమ్మేవాళ్ల మీద ఆధారపడుతుంది. 1992 నాటి 'స్మాల్ గాడ్స్'లో ఓమ్ అనే మహాదేవుడికి పెద్ద మతం ఉంది, గుళ్లున్నాయి, విచారణ సంఘమూ ఉంది, నిజంగా నమ్మేవాడు మాత్రం ఒక్కడే మిగిలాడు. అందుకే దేవుడు తాబేలై పాకుతున్నాడు. ఇప్పుడు ఓమ్‌ని ఇంకో లోకంలో పోటీకి దింపితే భక్తుల్ని వెంట తెచ్చుకుంటాడా? తెచ్చుకుంటే ఏ నాటి భక్తులు? కొత్త లోకంలో నమ్మకానికి అసలు బరువుందా? తాబేలు, మహాదేవుడు, ఏమీ కానివాడు, ఈ మూడు జవాబుల్లో ఏదైనా రావచ్చు. పోటీ పెట్టేవాడు ముందే తేల్చకపోతే ఎవరికి అనువైంది వాళ్లు ఎంచుకుంటారు. ఒక లోకపు ఆయుధం ఇంకో లోకంలో పనిచేయదని రచయితలే రాసిన సందర్భమూ ఉంది: 2003లో మొదలైన జేఎల్ఏ-అవెంజర్స్ కామిక్‌లో మార్వెల్ విశ్వపు ఇన్ఫినిటీ గాంట్లెట్ (సర్వశక్తినిచ్చే చేతి తొడుగు) డీసీ విలన్ డార్క్‌సైడ్ చేతికి వస్తుంది, అక్కడ ఉన్నది గాంట్లెట్ పుట్టిన విశ్వం కాదు కాబట్టి అది ఏమీ చేయదు. నియమాలు రాయకుండా వదిలేస్తే "ఇద్దరి శక్తులూ మామూలుగానే పనిచేస్తాయి" అని మనం మౌనంగా ఒప్పుకున్నట్టే. అది చెడ్డ షరతేం కాదు, కాకపోతే పైకి చెప్పాలి.

సాక్ష్యాలకి నేను పాటించే వరస ఇది: కథలో కళ్లముందు జరిగింది, ఆ తర్వాత నమ్మదగిన కథకుడి మాట, విషయం తెలిసిన పాత్ర మాట, శత్రువు భయంతో అన్నమాట, అన్నిటికన్నా కింద తన గురించి తానే కొట్టుకున్న డప్పు. రచయిత ఇంటర్వ్యూల్లో, ఉత్తరాల్లో చెప్పింది పుస్తకంలోని ఖాళీలు నింపడానికి వాడొచ్చు, పుస్తకంలో జరిగినదాన్ని కొట్టేయడానికి వాడకూడదు. సినిమాలు, సిరీస్‌లు వేరే కానన్ (అసలుగా ఒప్పుకునే కథ), కలపకండి. చిత్తుప్రతులతో మరీ జాగ్రత్త. టోల్కీన్ తొలి రాతల్లో బాల్‌రాగ్‌లు వందల్లో ఉండేవి, గొండోలిన్ పతనం తొలి కథనంలో వాటిని ఒకే పోరులో చాలావాటిని చంపేస్తారు. చాలా ఏళ్ల తర్వాత ఆయనే, మూడో మహా అయితే ఏడో మాత్రమే ఉండేవని ఒక నోటు రాసుకున్నాడు. ఇవి పేరు ఒకటే అయిన రెండు వేర్వేరు జీవులు. తొలి కథలోని సంహారాల్ని తీసుకొచ్చి మోరియా బాల్‌రాగ్‌కి అంటగట్టి, దాన్నిబట్టి గాండాల్ఫ్‌ని కిందికి దించే వాదన ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

"ఎ బిని ఓడించాడు, బి సిని ఓడించాడు, కాబట్టి ఎ సి కన్నా పైన" అనే గొలుసు స్కేలింగ్‌ని రెండు లింకులు దాటనివ్వకండి. హువాన్ అనే వేటకుక్క సౌరాన్ గొంతు పట్టి ఓడించింది. ఆ కుక్కని కార్ఖరోత్ అనే తోడేలు చంపింది, తానూ చచ్చింది. గొలుసు ప్రకారం తోడేలు సౌరాన్‌తో సమానం, ఇంకొంచెం లాగితే పైన. ఆ పోరులో సౌరాన్ తోడేలు రూపంలో ఉన్నాడనీ, లూథియెన్ అనే ఎల్ఫ్ రాకుమారి మాయ అతన్ని తడబెట్టిందనీ, కార్ఖరోత్ కడుపులో సిల్మరిల్ అనే దివ్యమణి మండుతోందనీ గొలుసుకి పట్టదు. అదే లూథియెన్ మోర్గోత్‌ని పాటతో నిద్రపుచ్చింది. దీన్ని హాక్స్ అంటాం, బలాన్ని దాటేసి పనిచేసే కిటుకు. హాక్స్‌తో వచ్చిన గెలుపు బలం గురించి ఏమీ చెప్పదు, ఆ కిటుకుకి అతను లొంగుతాడని మాత్రమే చెప్తుంది.

ఇప్పుడు జూల్స్. ఒక దేవుడు గ్రహాన్ని పేల్చేశాడని కథలో చూపిస్తే కనీస శక్తి కట్టొచ్చు. ఏకరీతి గోళమనుకుంటే సూత్రం 3GM²/5R (G గురుత్వ స్థిరాంకం, M ద్రవ్యరాశి, R వ్యాసార్ధం). భూమికి ద్రవ్యరాశి 5.97 × 10²⁴ కిలోలు, వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు వేస్తే దాదాపు 2.24 × 10³² జూల్స్ వస్తుంది. చంద్రుడికి 1.24 × 10²⁹ దగ్గర, అంటే భూమికి పట్టేదానిలో సుమారు 1,800వ వంతు. ఒక మెగాటన్ టీఎన్‌టీ 4.184 × 10¹⁵ జూల్స్. వ్యాసార్ధాన్ని కిలోమీటర్లలోనే ఉంచి లెక్కేస్తే జవాబు వెయ్యి రెట్లు పెరిగిపోతుంది, ఈ తప్పు లెక్కలేనన్నిసార్లు కనిపిస్తుంది, మీటర్లలోకి మార్చండి.

లెక్క సరిగ్గా ఉన్నా వాడిన చోటు తప్పవుతుంది. ఈ సూత్రం ముక్కలు ఒకదాన్నుంచి ఒకటి శాశ్వతంగా విడిపోయేలా చెదరగొట్టినప్పటికే. గ్రహాన్ని మాయం చేస్తే, రాయిగా మారిస్తే, "ఉండనే లేదు" అని చేసేస్తే ఇందులో ఏదీ వర్తించదు. "లోకం నాశనమైంది" అన్న వాక్యంలో లోకమంటే నేలా, నాగరికతా అని చూడాలి. డిస్క్‌వరల్డ్ నాలుగు ఏనుగుల వీపున ఉన్న బిళ్ల, దానికి గోళం సూత్రం వేసినవాళ్లని కూడా ఈ రంగంలో చూడొచ్చు. ఇంకో పెద్ద తప్పు సృష్టిని శక్తిగా లెక్కించడం. విశ్వానికి మూలమైన ఐనూర్ సంగీతంలో మెల్కోర్ కూడా పాడాడు, కాబట్టి విశ్వ సృష్టిలో భాగస్వామి, కాబట్టి విశ్వస్థాయి అంటారు. పాటకి ఉనికి ఇచ్చింది ఎరూ మాట. మెల్కోర్ జీవితమంతా వెతికి సాధించలేనిది కూడా ఆ ఉనికినిచ్చే అగ్నినే. పైగా సృష్టించగలిగినవాడు దెబ్బ తట్టుకోగలడని కూడా ఎక్కడా లేదు, ఆ రెండూ వేరువేరుగా రుజువు చేయాలి.

డైమెన్షన్ల వాదన గురించి ఎక్కువ చెప్పను. "ఐదో డైమెన్షన్‌వాడు నాలుగో డైమెన్షన్‌వాడి కన్నా అనంత రెట్లు బలవంతుడు" అనేది గణితం కాదు. గీతకి వైశాల్యం సున్నా అన్నది గణితం, దాన్నుంచి దెబ్బ బలం రాదు. అనంతమైన లోకాల్ని రెండుసార్లు ధ్వంసం చేసినా లెక్కపెట్టగల అనంతం రెట్టింపు అవదు, అదే అనంతం. కథలో పైస్థాయి జీవి కిందిస్థాయివాళ్లని నిజంగా బొమ్మల్లా ఆడించినట్టు చూపిస్తే దాన్ని తీసుకోండి, లేకపోతే ఆ పదాన్ని అలంకారంగా వదిలేయండి.

ఇక రూయిన్. ఇతను ఒక షార్డ్. ఇతన్ని అర్థం చేసుకోవాలంటే షార్డ్ అంటే వ్యక్తి కాదని గుర్తుంచుకోవాలి. అది ఒక శక్తి, దాన్ని మోసే ఒక మనసు ఉంటుంది. శక్తికి దాని ఉద్దేశం ఉంటుంది, ఎంతకాలం మోస్తే ఆ మనసు అంతగా ఆ ఉద్దేశంలోకి మారిపోతుంది. అందుకే మామూలు పోటీల్లో వాడే "బ్లడ్‌లస్టెడ్" షరతు, అంటే స్వభావం పక్కనపెట్టి చంపడానికే దిగడం, షార్డ్‌కి వర్తించదు. రూయిన్‌కి ఎదురు షార్డైన ప్రిజర్వేషన్‌ని కోపంతో నింపినా ధ్వంసం చేయలేడు, ఆ శక్తే ఒప్పుకోదు. రెండు షార్డులూ సమ ఉజ్జీలు. మనుషుల్ని చేయడానికి ప్రిజర్వేషన్ తనలో కొంత ఇచ్చేశాడు, అంతమేరకు ఓడే పక్షం అయ్యాడు. ఓటమి తప్పదని తెలిసి మనసుని త్యాగం చేసి రూయిన్‌ని బంధించాడు. రూయిన్ శరీరాన్ని అతనికి దొరక్కుండా దాచాడు, కథలోని ఏటియం అనే లోహం అదే. కథలో మనం చూసే రూయిన్ ఆ శరీరం లేని రూయిన్ అన్నమాట. దాంతోపాటు అతనికి తెలిసిన లోపాలున్నాయి: లోహం మీద చెక్కిన అక్షరాలు మార్చలేడు, మాటలు వినగలడు గానీ మనసులోని ఆలోచన చదవలేడు, లోహం గుచ్చుకున్నవాళ్లనే బాగా లొంగదీయగలడు.

డార్క్ వన్ సంగతి ఇంకో రకం. అతను ప్యాటర్న్ (కాలచక్రం నేసే లోకపు అల్లిక) బయట ఉన్నాడు, లోపలికి అందేది బోర్ అనే రంధ్రం ద్వారానే. రుతువుల్ని ఆపేశాడు, చచ్చినవాళ్ల ఆత్మల్ని వేరే శరీరాల్లో పెట్టాడు, కాలచక్రాన్నే విరిచి తనకిష్టమైనట్టు మళ్లీ చేయాలనుకుంటాడు. ఉద్దేశం ముగ్గురిలోకీ పెద్దది, చెయ్యి చేరేది ముగ్గురిలోకీ తక్కువ.

సరే, తీర్పు. షరతులు: ముగ్గురూ తమ పుస్తకాల్లో చూపిన పరిమితులతోనే, ఇద్దరి శక్తులూ పనిచేసే తటస్థ చోట, గెలుపంటే ఎదుటివాడిని మళ్లీ ఏమీ చేయలేని స్థితికి తేవడం.

డార్క్ వన్‌ని తటస్థ చోటికి తేవాలంటే బోర్‌ని కూడా తేవాలి. బోర్ లేకపోతే అతనికి దాడి లేదు, ఎదుటివాళ్లకి అతన్ని చేరే దారి లేదు. ఇద్దరితోనూ డ్రా. బోర్‌ని పూర్తిగా తెరిచి ఇచ్చేస్తే అతనిదే పైచేయి కావచ్చు, కానీ అప్పుడు పుస్తకంలోని డార్క్ వన్‌ని కాదు, మనం ఊహించినవాడిని నిలబెడుతున్నాం.

రూయిన్, తొలినాటి మెల్కోర్: నేను రూయిన్ వైపు. కొండల్ని కదిపే బలంలో మెల్కోర్ తక్కువేం కాదు. శరీరంతో పనిలేని శక్తిని చంపినట్టు, బంధించినట్టు అతని ఖాతాలో ఒక్క సంఘటన లేదు. రూయిన్‌ని బంధించడానికి సమానమైన షార్డ్ తన మనసునే పణంగా పెట్టాల్సి వచ్చింది. పది పోటీల్లో ఆరేడు రూయిన్‌వి అంటాను, అంతకన్నా ఎక్కువ ఇవ్వను, ఎందుకంటే తొలినాటి మెల్కోర్ కూడా శరీరానికి కట్టుబడినవాడు కాదు.

చివరినాటి మోర్గోత్, అదీ అతని లోకమైన ఆర్డాలోనే అయితే లెక్క వేసే తీరే మారుతుంది. అతని శరీరాన్ని దెబ్బతీయడం కాదు సమస్య, ఆ పని ఫింగోల్ఫిన్ కత్తే చేసింది. అతని శక్తి నేలలో, రాళ్లలో కలిసిపోయి ఉంది, దాన్ని పూర్తిగా తుడిచేయాలంటే ఆర్డానే చెదరగొట్టాలి. వాలార్ అందుకే అతన్ని శూన్యంలోకి గెంటేసి ఊరుకున్నారు, మిగిలిన విషాన్ని అలాగే వదిలేశారు. రూయిన్‌కి ఆ సంకోచం లేదు, ఆర్డాని చెదరగొట్టడమే అతనికి కావాల్సింది.